కాఫీ ముద్ర తోట గట్టు దాటుతుందా?

కాఫీ ప్యాకెట్ల మీద చిన్న చిన్న ముద్రలు కనిపిస్తుంటాయి. ఒకదాని మీద రెయిన్‌ఫారెస్ట్ అలయెన్స్ వాళ్ళ ఆకుపచ్చ కప్ప, ఇంకోదాని మీద నీలం, ఆకుపచ్చ రంగుల ఫెయిర్‌ట్రేడ్ గుర్తు, మరోదాని మీద నక్షత్రాలతో గీసిన ఆకు, అంటే యూరప్ సేంద్రియ గుర్తు. కొనేవాళ్ళకు ఇవి ఇచ్చే భరోసా దాదాపు ఒకటే: ఈ గింజల కోసం అడవి కొట్టలేదు, పండించినవాళ్ళ కడుపు కొట్టలేదు.

ఆ భరోసాలో నిజమెంత అని తోటల్లో తిరిగి కొలిచిన పరిశోధనలు చాలానే ఉన్నాయి. వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకచోట చెట్లు పెరిగాయి, ఇంకోచోట తేడా ఏమీ లేదు. ఒక దేశంలో రైతు ఇంటి పరిస్థితి మెరుగుపడింది, ఇంకో దేశంలో రైతు ఉన్నచోటే ఉన్నాడు. ఈ గందరగోళంలో ఒక తీరు మాత్రం పదేపదే బయటపడుతుంది. సర్టిఫికెట్ ఇచ్చేది తోటకి. యజమాని పేరు మీదో, అలాంటి యజమానులు కలిసి పెట్టుకున్న సంఘం పేరు మీదో ఇస్తారు. మంచి ఏదైనా జరిగితే అది ఆ గట్ల లోపల, ఆ పేరున్నవాళ్ళకే ఎక్కువ జరుగుతుంది. గట్టు అవతలి అడవికి, దిగువన పారే ఏటికి, సీజన్‌లో వచ్చి పండ్లు కోసి వెళ్ళిపోయే కూలీకి చేరేసరికి దాని పస తగ్గిపోతుంది.

ధర కూలిన కాలంలో

ఈ ముద్రలు ఎందుకు పుట్టాయో చూస్తే వాటి పరిమితి సగం అర్థమవుతుంది. 1962లో మొదలైన అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కింద ఏ దేశం ఎంత ఎగుమతి చేయాలో కోటాలు ఉండేవి. మధ్యలో కొన్నేళ్ళు కోటాలు లేకపోయినా, ధర మరీ పాతాళానికి పోకుండా ఆ ఏర్పాటు ఆపేది. 1989 జులైలో అది కూలిపోయింది. కొన్ని నెలల్లోనే ధర దాదాపు సగానికి పడింది. 2001 నాటికి అంతర్జాతీయ కాఫీ సంస్థ లెక్కగట్టే ధర సగటున పౌనుకు (సుమారు 450 గ్రాములకు) 46 అమెరికా సెంట్లకు దిగజారింది. చాలాచోట్ల పండు కోసే కూలి కూడా రాని ధర అది.

ఆ ఒప్పందం కూలడానికి ఏడాది ముందే, 1988లో, నెదర్లాండ్స్‌లో మాక్స్ హావెలార్ అనే ముద్ర వచ్చింది. మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో యుసిరి అనే రైతుల సంఘంతో పనిచేస్తున్న ఫ్రాన్స్ వాన్ డెర్ హాఫ్ అనే డచ్ ఫాదర్, సాలిడారిడాడ్ అనే డచ్ స్వచ్ఛంద సంస్థకు చెందిన నికో రోజెన్ కలిసి దీన్ని తెచ్చారు. ఆలోచన సూటిగా ఉంది: మార్కెట్ ధర ఎంత పడినా ఒక కనీస ధర ఇస్తామని ఒప్పుకున్న కంపెనీకే ఆ ముద్ర వాడుకునే హక్కు. ఫెయిర్‌ట్రేడ్ అలా మొదలైంది.

ఆ తర్వాత వచ్చిన ముద్రలు వేరే వేరే సమస్యల నుంచి పుట్టాయి. రెయిన్‌ఫారెస్ట్ అలయెన్స్ భూమిని, అడవిని ఎలా చూసుకుంటున్నారన్న దగ్గర మొదలుపెట్టింది. 'ఉట్జ్ కపే' అంటే గ్వాటెమాలాలోని ఒక మాయా భాషలో 'మంచి కాఫీ'. ఆ పేరుతో వచ్చిన పథకం గింజ ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవడం మీద, తోట నిర్వహణ మీద దృష్టి పెట్టింది. 2018లో అది రెయిన్‌ఫారెస్ట్ అలయెన్స్‌లో కలిసిపోయింది. 4సి అనేది మరీ దారుణమైన పద్ధతుల్ని మాత్రమే వడపోసే కింది మెట్టుగా మొదలైంది. స్టార్‌బక్స్ 2004లో సొంతంగా ఒక పద్ధతి పెట్టుకుంది. వీటిలో కొనేవాళ్ళు కనీస ధర కట్టి తీరాలన్న షరతు ఫెయిర్‌ట్రేడ్ తరహా ముద్రలకే ఉంది. మిగతా వాటిలో రైతుకు అదనంగా వచ్చేది బేరం మీద ఆధారపడుతుంది. ఉదాహరణకు రెయిన్‌ఫారెస్ట్ అలయెన్స్ 2020లో తెచ్చిన ప్రమాణంలో కొనేవాళ్ళు అదనపు మొత్తం ఇవ్వాల్సిందే అని రాసింది, కానీ కాఫీకి అది ఎంతో చెప్పలేదు. అన్ని ముద్రల్నీ ఒకే గాటన కట్టి 'పనిచేస్తున్నాయా, లేదా' అని అడిగితే జవాబు తికమకగా రావడంలో వింతేమీ లేదు.

చెట్ల లెక్క

అరబికా కాఫీ పుట్టింది ఇథియోపియా కొండల అడవుల్లో, పెద్ద చెట్ల కింద. నీడ దాని సహజ స్వభావం. అయితే 1970లో ఆకు తుప్పు తెగులు బ్రెజిల్‌లో కనబడింది. అది తమ దాకా వస్తుందన్న భయంతో మధ్య అమెరికా దేశాలు నీడ చెట్లు తీసేసి, పొట్టి రకాలు దగ్గర దగ్గరగా నాటి, ఎండలోనే పెంచే పద్ధతికి మళ్ళాయి. దానికి అమెరికా ప్రభుత్వ సాయం కూడా తోడైంది. దిగుబడి పెరిగింది. చెట్లతో పాటు పక్షులు, పురుగుల్ని తినే జీవులు, ఆకులు రాలి మట్టికి చేరే బలం పోయాయి. వాటి స్థానంలోకి ఎరువుల బస్తాలు, కలుపు మందులు వచ్చాయి.

పర్యావరణ ముద్రలన్నీ ఈ మార్పును ఆపాలనో, వెనక్కి తిప్పాలనో చూసేవే. అన్నిటికంటే కఠినమైనది అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ వాళ్ళ 'బర్డ్ ఫ్రెండ్లీ'. దానికి ముందుగా సేంద్రియ సర్టిఫికెట్ ఉండాలి, తోట మీద కనీసం 40 శాతం నీడ ఉండాలి, పలు రకాల చెట్లు ఉండాలి. ఇంత కఠినంగా ఉంది కాబట్టే ఆ ముద్ర ఉన్న తోటలు చాలా తక్కువ. షరతులు సడలించిన ముద్రలు మాత్రం లక్షల ఎకరాలకు పాకాయి. ఈ రంగంలో ఎప్పటికీ తెగని పేచీ ఇదే: గట్టి షరతులు పెడితే చేరేవాళ్ళుండరు, చేర్చుకుంటూ పోతే షరతులకు విలువ ఉండదు.

కొలిచినచోట మంచి ఫలితాలు ఉన్నాయి. కోస్టారికాలో బ్లాక్‌మన్, నరాంజో 2012లో ప్రచురించిన పరిశోధనలో, సేంద్రియ సర్టిఫికెట్ ఉన్న రైతులు తమలాంటి మిగతా రైతులకంటే పురుగు మందులు, కలుపు మందులు, రసాయన ఎరువులు తక్కువ వాడుతున్నట్టు తేలింది. ఇది చిన్న విషయం కాదు. కొలంబియాలోని శాంతాందేర్ ప్రాంతంలో రెయిన్‌ఫారెస్ట్ అలయెన్స్ తోటల్లో చెట్ల కప్పు పెరిగిందని, విడివిడిగా ఉన్న అడవి ముక్కల మధ్య అతుకు కుదిరిందని రుయెదా, లాంబిన్ బృందం 2015లో చూపించింది.

దీనికి విరుద్ధంగా మెక్సికోలోని చియాపాస్‌లో ఫిల్‌పాట్ బృందం 2007లో తోటలకు వెళ్ళి చెట్లు, చీమలు, పక్షులు లెక్కబెట్టింది. సర్టిఫికెట్ ఉన్నవాటికీ లేనివాటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కారణం వెతికితే దొరుకుతుంది. చిన్న రైతులు మొదటి నుంచీ నీడలోనే పండిస్తున్నారు, మందులు కొనే స్తోమతు లేక వాడటం లేదు. అలాంటివాళ్ళకు సర్టిఫికెట్ తెచ్చుకోవడం సులువు, మార్చుకోవాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. ఎండ తోటలున్న పెద్ద రైతు మాత్రం పద్ధతి మార్చాలంటే దిగుబడి వదులుకోవాలి. అందుకే అతను దూరంగానే ఉంటాడు. ముద్ర మనుషుల్ని మార్చలేదు, ముందే ఉన్న తేడాను గుర్తించి పేరు పెట్టింది.

ఈ తిరకాసును పట్టించుకోని పరిశోధనలు ఎన్ని ఉన్నాయో తేల్చడానికి బ్లాక్‌మన్, రివేరా 2011లో ఒక పరిశీలన చేశారు. కాఫీ ఒక్కటే కాకుండా ఇతర రంగాల సర్టిఫికేషన్లు కూడా కలిపి చూస్తే 37 అధ్యయనాలు దొరికాయి. ముద్ర లేకపోతే ఏమయ్యేదో అని నమ్మదగ్గ పద్ధతిలో పోల్చినవి వాటిలో 14. ఆ 14లోనూ ఏదో ఒక ప్రయోజనం ఉందని తేల్చినవి 6. అప్పటి నుంచి పద్ధతులు మెరుగుపడ్డాయి, పరిశోధనలు పెరిగాయి. అయినా సంస్థల రిపోర్టుల్లో 'మా రైతులు ఇంత బాగున్నారు' అని కనిపించినప్పుడల్లా, సర్టిఫికెట్ రాకముందు వాళ్ళు ఎలా ఉన్నారు అని అడగాల్సిందే.

అయితే ముందే మంచిగా ఉన్నవాళ్ళకు డబ్బు ఇవ్వడం దండగ అనుకోవడం కూడా తొందరపాటు. ఇథియోపియా నైరుతిలో బెలెతే గెరా అడవిలో కాఫీ మొక్కలు వాటంతట అవే పెరుగుతాయి. అక్కడి కుటుంబాలు పండ్లు ఏరుకుంటాయి. అడవి కాఫీకి రెయిన్‌ఫారెస్ట్ అలయెన్స్ ముద్ర వచ్చాక ఏం జరిగిందో తకహాషి, తోడో ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూశారు. ముద్ర ఉన్న భాగాల్లో అడవి నిలబడింది, లేనిచోట క్షీణించింది. ఇక్కడ ఎవరూ కొత్తగా ఏమీ నాటలేదు. గొడ్డలి ఎత్తకుండా ఉండటానికి ఒక కారణం దొరికింది, అంతే. ముద్రలు బాగా పనిచేసేది ఇలాంటి చోటే అనిపిస్తుంది. పాడైనదాన్ని బాగుచేయించడం కంటే, ఉన్నదాన్ని ఉంచడానికి కూలి కట్టినట్టు ఇవ్వడంలో వాటికి బలం ఎక్కువ.

చెట్లు, దిగుబడి రెండూ కలిసి వస్తాయని చెప్పే ప్రచారాన్ని మాత్రం అనుమానంగానే చూడాలి. ఉగాండాలో ఎల్గాన్ పర్వతం దగ్గర వాండర్‌హేగన్ బృందం 2018లో రెండు రకాల రైతుల్ని పోల్చింది. ఉట్జ్, రెయిన్‌ఫారెస్ట్, 4సి ముద్రలు కలిపి తీసుకున్నవాళ్ళ దిగుబడి, ఆదాయం పెరిగాయి, తోటలో జీవవైవిధ్యం తగ్గింది. ఫెయిర్‌ట్రేడ్, సేంద్రియ ముద్రలు కలిపి తీసుకున్నవాళ్ళ తోటల్లో చెట్లు, జీవులు బాగున్నాయి, దిగుబడి పడిపోయింది. ఒకటి కావాలంటే రెండోదానిలో కొంత వదులుకోవాలని కొండవాలు మీద రైతుకు తెలుసు. ప్యాకెట్ మీద బొమ్మ ఆ సంగతి చెప్పదు.

ఏటి సంగతి త్వరగా చెప్పేయొచ్చు. పండు గుజ్జు తీసి, గింజను నానబెట్టి కడిగే పద్ధతిలో చాలా నీరు పడుతుంది. ఆ నీళ్ళు పులిసి, చక్కెర నిండి, ఏటిలో కలిస్తే అందులోని ప్రాణవాయువును తినేస్తాయి, చేపలు చస్తాయి. సర్టిఫికెట్ ఉన్న పల్పింగ్ కేంద్రం ఆ నీటిని శుద్ధి చేయాలి. చాలాచోట్ల చేస్తున్నారు కూడా. కానీ ఒకే ఏటి ఒడ్డున పది కేంద్రాలుంటే, రెండు శుద్ధి చేసి ఎనిమిది వదిలేస్తే, ఏరు ఎవరి ముద్రనూ చదవదు.

రైతు చేతికి వచ్చేది

ఫెయిర్‌ట్రేడ్ కడిగిన అరబికాకు 2011లో పెట్టిన కనీస ధర పౌనుకు 1.40 డాలర్లు. 2023 ఆగస్టు దాకా అదే నడిచింది. తర్వాత 1.80కి పెంచారు. పన్నెండేళ్ళలో ఎరువుల ఖర్చు, కూలి, బతుకు ఖర్చు ఎంత పెరిగాయో చూస్తే ఆ ధర కింద రైతు ఎలా నెట్టుకొచ్చాడో ఊహించుకోవచ్చు. దీనికి తోడు పౌనుకు 20 సెంట్ల ప్రీమియం సంఘానికి వెళ్తుంది. దాన్ని ఏం చేయాలో సభ్యులు ఓటు వేసి తేల్చుకుంటారు.

ఈ కనీస ధర అవసరమైనప్పుడు పనిచేస్తుందా అంటే, పనిచేస్తుంది. కోస్టారికా సంఘాల లెక్కల్ని చూసిన ద్రాగుసాను, మోంతెరో, నన్ పరిశోధన 2022లో అదే తేల్చింది. ప్రపంచ ధర పడినప్పుడు సర్టిఫికెట్ ఉన్న సంఘాలకు మంచి ధర దక్కింది, తోట యజమానుల ఆదాయం పెరిగింది. ఆ పెరిగిన దానిలో కొంత దళారుల జేబులోంచి వచ్చింది.

మరి అందరికీ ఎందుకు దక్కదు? ఇక్కడ లెక్క కొంచెం విచిత్రంగా ఉంటుంది. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన పంట అంతా ఆ ధరకు పోదు. కొనే కంపెనీ ఎంత అడిగితే అంతే ముద్రతో అమ్ముడుపోతుంది, మిగతాది మామూలు కాఫీలో కలిసిపోతుంది. సంఘాల్లోకి చేరడానికి అడ్డేమీ లేదు కాబట్టి, లాభం కనబడిన ప్రతిసారీ కొత్తవాళ్ళు చేరతారు. దాంతో ఒక్కొక్కరికి వచ్చే వాటా పలచబడుతుంది. గ్వాటెమాలా సంఘాల అమ్మకాల్ని ఏళ్ళ తరబడి పరిశీలించిన ద జాన్వ్రీ, మెకింతోష్, సదూలే 2015లో చెప్పింది ఇదే. సర్టిఫికేషన్ ఖర్చు తీసేశాక రైతుకు మిగిలింది దాదాపు సున్నా. ఎవరి మోసం లేకుండానే, మంచి ఉద్దేశంతో తెరిచిన తలుపు గుండానే లాభం బయటికి పోయింది.

సేంద్రియ రైతు కష్టం వేరు. రసాయనాలు ఆపిన మూడేళ్ళ వరకు సేంద్రియ ధర రాదు, దిగుబడి మాత్రం మొదటి ఏడాదే తగ్గొచ్చు. నికరాగ్వాలో బోయ్‌షెల్ట్, జెల్లర్ 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పదేళ్ళ కాలంలో సేంద్రియ రైతులు మామూలు రైతులతో పోలిస్తే వెనకబడ్డారు. ఎక్కువ ధర వచ్చినా పండించింది తక్కువ కావడంతో చేతికి వచ్చింది చాలలేదు. ఇంతలో 2012, 2013 సంవత్సరాల్లో ఆకు తుప్పు తెగులు మధ్య అమెరికాను ఊపేసింది. మందుల విషయంలో చేతులు కట్టేసి ఉన్న సేంద్రియ రైతులకు అది గోరుచుట్టు మీద రోకలిపోటు.

ఉగాండాలో రోబస్టా అనే ఇంకో రకం కాఫీ పండించే రైతుల మీద చిపుట్వా, స్పీల్‌మన్, ఖయిమ్ చేసిన పరిశోధన ఇంకో కోణం చూపిస్తుంది. ఫెయిర్‌ట్రేడ్ కుటుంబాల జీవన స్థాయి 30 శాతం మెరుగ్గా ఉంది, సేంద్రియ, ఉట్జ్ కుటుంబాల్లో అలాంటి తేడా లేదు. ఆ ఫెయిర్‌ట్రేడ్ సంఘం రైతులు ఎండు కాయలు అలాగే అమ్మేయకుండా పొట్టు తీయించి గింజలు అమ్మేవాళ్ళు. అంటే ముద్రతో పాటు ఒక మిల్లు, దాన్ని నడపగల సంఘం ఉన్నాయి. చాలా మంచి ఫలితాల వెనక ఇలాంటి గట్టి సంఘం ఒకటి నిలబడి ఉంటుంది. ఆ ఘనత ముద్రకు ఎంత, సంఘానికి ఎంత అని విడదీయడం కష్టం.

ధర బాగా పెరిగితే ఇంకో తలనొప్పి. 2021లో బ్రెజిల్‌లో మంచు పట్టి పంట దెబ్బతిని ధరలు ఎగబాకినప్పుడు, కొలంబియాలో ముందే పాత ధరకు ఒప్పుకున్న రైతులు చాలామంది సరుకు ఇవ్వలేదు. నష్టం సంఘాల మీద పడింది. 2025 ఫిబ్రవరిలో అరబికా పౌనుకు 4 డాలర్లు దాటింది. అలాంటి రోజుల్లో 1.80 కనీస ధర గురించి మాట్లాడితే రైతు నవ్వుతాడు. నగదుతో గుమ్మం ముందు నిలబడ్డ దళారే అతనికి దేవుడు.

పండు కోసే చేతులు

ఇంతవరకు చెప్పినదంతా భూమి ఉన్నవాళ్ళ గురించి. కాఫీ పండ్లు ఒకేసారి పండవు. పండినవాటిని ఏరి ఏరి, అదే కొమ్మకు మూడు నాలుగు సార్లు తిరిగి వచ్చి చేత్తో కోయాలి. అందుకు రెండు మూడు నెలల పాటు వేల మంది కూలీలు కావాలి. వాళ్ళు వేరే ప్రాంతాల నుంచి, ఒక్కోసారి వేరే దేశాల నుంచి వస్తారు. రెండెకరాల చిన్న రైతు కూడా సీజన్‌లో కూలీల్ని పెట్టుకుంటాడు. 'చిన్న రైతు' అన్న మాట వినగానే పొలంలో కుటుంబమే పనిచేస్తుందని ఊహించుకోవడం ముద్రలు చేసిన మొదటి పొరపాటు.

ఇథియోపియా, ఉగాండాల్లో కాఫీ, టీ, పూల తోటల కూలీల మీద లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం బృందం 2014లో ఇచ్చిన నివేదిక పెద్ద దుమారం లేపింది. ఫెయిర్‌ట్రేడ్ సంఘాలున్న ప్రాంతాల్లో కూలి రేట్లు, పని పరిస్థితులు మిగతా చోట్ల కంటే మెరుగ్గా లేవు సరికదా, తరచూ ఇంకా అధ్వాన్నంగా ఉన్నాయని అది చెప్పింది. చిన్న రైతుల్ని పెద్ద ఎస్టేట్లతో పోల్చడం న్యాయం కాదని ఫెయిర్‌ట్రేడ్ సంస్థ అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరంలో పస ఉంది: పెద్ద ఎస్టేట్‌కు ఎక్కువ కూలి ఇచ్చే తాహతు ఉంటుంది. కానీ అదే ఒక ఒప్పుకోలు కూడా. చిన్న రైతును కాపాడే ముద్ర అతని దగ్గర పనిచేసే అంతకంటే పేదవాడి దాకా వెళ్ళలేదు. ఇందాక చెప్పిన ద్రాగుసాను బృందం కోస్టారికా పరిశోధనలోనూ, ప్రయోజనమేమీ దక్కని వర్గంగా తేలింది నైపుణ్యం లేని కూలీలే. కాఫీ పనుల్లో అందరికంటే ఎక్కువమంది వాళ్ళే.

బ్రెజిల్‌లో మీనస్ జెరాయిస్ రాష్ట్రంలో ప్రభుత్వ కార్మిక తనిఖీ అధికారులు వెట్టిచాకిరీ లాంటి పరిస్థితుల నుంచి కూలీల్ని విడిపించిన తోటల్లో కొన్నింటికి అప్పటికి చెల్లుబాటయ్యే సర్టిఫికెట్లు ఉన్నాయి. వాటి సంగతి బయటపెట్టింది ఆడిటర్లు కాదు, పోలీసుల్ని వెంటబెట్టుకుని చెప్పకుండా వెళ్ళిన ప్రభుత్వ అధికారులు. ఆడిట్ సాధారణంగా ముందే తేదీ చెప్పి జరుగుతుంది. ఆడిటర్ ఫీజు కట్టేది తనిఖీ చేయించుకునేవాళ్ళే. సీజన్ కాని రోజుల్లో వెళ్తే అడగడానికి అక్కడ కూలీలే ఉండరు.

సంఘాల్లో తనిఖీ ఇంకో రకం. వేలమంది సభ్యులున్నచోట ఆడిటర్ అందరి తోటలకూ వెళ్ళలేడు. సంఘమే తన సభ్యుల్ని తనిఖీ చేసుకుని కాగితాలు పెడుతుంది, ఆడిటర్ కొందరిని మాత్రం సరిచూస్తాడు. యూరోపియన్ యూనియన్ కొత్త సేంద్రియ నిబంధనలు ఒక సంఘంలో 2,000 మంది సభ్యులు మించకూడదని, కనీసం 5 శాతం మందిని బయటివాళ్ళు తిరిగి తనిఖీ చేయాలని పెట్టాయి. ఉద్దేశం మంచిదే. అంతకంటే పెద్ద సంఘాలు మాత్రం విడిపోయి, ప్రతి ముక్కకూ వేరే కాగితాలు, వేరే ఖర్చు పెట్టుకోవాల్సి వస్తోంది.

ఆడవాళ్ళ సంగతి ఇందులో సగం కనబడదు. గింజ ఎండబెట్టడం, ఏరడం, కంపోస్టు మోయడం ఎక్కువగా వాళ్ళ పని. సేంద్రియానికి మళ్ళితే ఆ పని పెరుగుతుంది. సంఘంలో సభ్యత్వం భూమి ఎవరి పేరున ఉందో వాళ్ళకే, అంటే చాలాసార్లు మగవాళ్ళకే. ఓటూ వాళ్ళదే, చెక్కూ వాళ్ళదే. ఆడవాళ్ళకు సభ్యత్వం, శిక్షణ ఉండాలని పట్టుబట్టిన చోట్ల ఇంటి డబ్బు మీద వాళ్ళ మాట చెల్లడం పెరిగిందని ఉగాండాలోనే చేసిన ఇంకో పరిశోధన చెబుతోంది. పట్టుబట్టనిచోట ముద్ర ఇంటి లోపలి గట్టును కూడా దాటదు.

ఈ మధ్య రెండు మార్పులు వచ్చాయి. ఒకటి చట్టం. 2023లో వచ్చిన యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం, 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన కాఫీని అక్కడ అమ్మకూడదు. ప్రతి తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో చూపించాలి. సర్టిఫికెట్ ఉందని చెబితే చాలదు, అది సాక్ష్యంలో ఒక భాగం మాత్రమే. అమలు తేదీ ఒకటికి రెండుసార్లు వాయిదా పడింది. అయినా అడవి విషయంలో ముద్ర చేస్తున్న పనిని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంటోందని అర్థమైపోయింది. దీనిలోనూ పాత ఇబ్బందే ఉంది: మ్యాపు గీయించుకునే స్తోమతు ఉన్న తోట యూరప్‌కు వెళ్తుంది, లేనిది వేరే మార్కెట్ చూసుకుంటుంది.

రెండోది రెయిన్‌ఫారెస్ట్ అలయెన్స్ 2020 ప్రమాణంలో ఉంది. బాల కార్మికులు, వెట్టిచాకిరీ లాంటి విషయాల్లో 'కనబడితే సర్టిఫికెట్ రద్దు' అన్న పాత పద్ధతి పోయి, తోటలోనే ఒక కమిటీ పెట్టుకుని, ప్రమాదం ఎక్కడుందో వెతికి, బయటపడితే సరిదిద్దాలన్న పద్ధతి వచ్చింది. రద్దు భయంతో అందరూ దాచిపెట్టడమే జరిగిందన్నది దీని వెనక తర్కం, అది నిజమే. పండ్ల బరువును బట్టి కూలి ఇచ్చేచోట తల్లిదండ్రులు పిల్లల్ని కూడా కోతకు తెస్తారు, కూలి రేటు పెరగనంత కాలం తెస్తూనే ఉంటారు. అది కమిటీకి చెప్పాల్సింది ఆ తల్లిదండ్రులే. వాళ్ళు ఆ తోటలో ఉండేది పది పన్నెండు వారాలు. మళ్ళీ ఏడాది ఇదే తోటలో పని దొరకాలంటే మేస్త్రీ మంచి మాట కావాలి.